బౌహౌస్ 'లక్షణాలు': ఒక ఆక్షేపణ

తెలుగు సాహిత్య పరిశోధనలో ఉద్యమాలను వివరించడానికి ఒక స్థిరమైన చట్రం ఏర్పడిపోయింది. ఆవిర్భావం, ప్రవర్తకుడు, ప్రణాళిక, లక్షణాలు, ప్రభావం అనే అయిదు గదులూ నిండితే ఉద్యమం అర్థమైనట్టే లెక్క. భావకవిత్వానికైనా, దిగంబర కవిత్వానికైనా, పాశ్చాత్య కళావాదాలకైనా గదులు ఇవే. నింపే పేర్లే మారుతాయి. ఆధునికతకు పాశ్చాత్య నేపథ్యం చెప్పవలసివచ్చిన మొదటి అధ్యాయాల్లో క్యూబిజం, డాడాయిజం, సర్రియలిజం వరసన ఇప్పుడు బౌహౌస్ కూడా వచ్చి కూర్చుంటోంది. ఆ పేరా ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులు ఊహించగలరు. 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ దానిని స్థాపించాడు. రూపం ప్రయోజనాన్ని అనుసరించాలన్నది దాని మూలసూత్రం. అలంకార నిరాకరణ, జ్యామితీయత, యంత్రానుకూలత దాని లక్షణాలు. దాని ప్రభావం ప్రపంచమంతటా ప్రసరించింది. నా సిద్ధాంతగ్రంథం తొలిప్రతిలో నేనూ అచ్చంగా ఇదే రాశాను. రాసిన తర్వాత ఒక్కో వాక్యానికీ ఆధారం వెతకబోతే ఒక్కో వాక్యమూ ఊడిపోతూ వచ్చింది.

ఈ వ్యాసం ఆ పేరాకు ఖండనం. కుర్చీలూ దీపాలూ భవనాలూ చేసిన ఒక జర్మన్ పాఠశాల గురించి తెలుగు శాఖలో తగవు దేనికని అడగవచ్చు. తగవును ఆహ్వానించింది మనమే. వస్తువు, రూపం, శిల్పం అనే మన విమర్శ పరిభాషకు బౌహౌస్‌ను సాక్షిగా పిలిచాం. పిలిచిన సాక్షి ఏం చెబుతోందో వినకుండా, అది అనని మాటను దాని నోట పెట్టి తీర్పు రాసుకున్నాం. ఆ సాక్ష్యాన్ని తిరగదోడవలసి ఉంది.

'ఆవిర్భావం' అనే గది

ముందు 1919 సంగతి. సంవత్సరం తప్పు కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో గ్రోపియస్ వైమార్‌లో బాధ్యతలు స్వీకరించిన మాట నిజం. అయితే అతడు కొత్తగా స్థాపించినదాని కంటే ఉన్నవాటిని కలిపినదే ఎక్కువ. అప్పటికే ఆ ఊళ్లో ఒక లలితకళా విద్యాలయం ఉంది. బెల్జియం దేశీయుడు ఆన్రీ వాన్ డ వెల్డ నడిపిన హస్తకళల పాఠశాల ఉండి, 1915లో మూతపడింది. యుద్ధకాలంలో పరాయివాడిగా పదవి వదులుకోవలసివచ్చిన వాన్ డ వెల్డ తన స్థానానికి సూచించిన ముగ్గురిలో గ్రోపియస్ ఒకడు. రెండు పాత సంస్థల వారసత్వాన్ని ఒక కొత్త పేరు కిందికి తేవడమే 1919లో జరిగిన పని. ఆ కలయికా నిలవలేదు. సంప్రదాయ చిత్రకారులు అలిగి విడిపోయి, 1921 నాటికి తమ విద్యాలయాన్ని మళ్లీ వేరుగా పెట్టుకున్నారు.

ఇంకా వెనక్కి వెళితే కథ జర్మనీని దాటుతుంది. యంత్రోత్పత్తి మనిషి చేతిని, ఆ చేతిలోని ఆనందాన్ని చంపుతున్నదని ఇంగ్లండులో విలియం మోరిస్ చేసిన ఆక్షేపణ దీనికి ఒక మూలం. లండన్‌లోని జర్మన్ రాయబార కార్యాలయంలో 1896 నుంచి 1903 వరకు పనిచేసిన హెర్మాన్ ముతేజియుస్ ఆంగ్లేయుల గృహనిర్మాణాన్ని అధ్యయనం చేసి, ఆ ఎరుకను స్వదేశానికి తీసుకువెళ్లాడు. 1907లో మ్యూనిక్‌లో కళాకారులూ ఉత్పత్తిదారులూ కలిసి జర్మన్ వెర్క్‌బుండ్‌ను ఏర్పరచుకోవడంలో అతడి పాత్ర పెద్దది. 1914లో కొలోన్ ప్రదర్శన సందర్భంగా ఆ సంఘంలో ఒక చరిత్రాత్మకమైన జగడం జరిగింది. వస్తువుల నమూనాలను ప్రామాణీకరించాలని, పరిశ్రమకు కావలసింది అదేనని ముతేజియుస్ అన్నాడు. కళాకారుడి స్వేచ్ఛను నమూనాకు కట్టడి చేయకూడదని వాన్ డ వెల్డ ఎదురుతిరిగాడు. మన పేరాలో యంత్రయుగ ప్రవక్తగా కనిపించే గ్రోపియస్ ఆనాడు ఏ పక్షాన ఉన్నాడు? వాన్ డ వెల్డ పక్షాన. ఈ ఒక్క సంగతి చాలు, 'ప్రవర్తకుడు' అనే గది ఎంత ఇరుకో చెప్పడానికి.

ఇక ప్రణాళిక. మన పరిశోధనలో ప్రణాళికకు ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. ఉద్యమం ఏం చేసిందో చూడకముందే అది ఏం ప్రకటించిందో చూసి లక్షణాలు జాబితా కడతాం. ఈ పద్ధతినే బౌహౌస్ 1919 ప్రణాళికకు వర్తింపజేసి చూద్దాం. అది నాలుగు పుటల కరపత్రం. ముఖపత్రం మీద లియోనెల్ ఫైనింగర్ చెక్కిన చెక్కముద్ర: మూడు శిఖరాల కెథడ్రల్, శిఖరాల కొనల్లో కిరణాలు చిమ్మే నక్షత్రాలు. లోపల యంత్రాన్ని కీర్తించే వాక్యం ఒక్కటీ లేదు. వాస్తుశిల్పులూ శిల్పులూ చిత్రకారులూ అందరూ తిరిగి చేతిపనికి మళ్లాలని, కళాకారుడికీ వృత్తికారుడికీ మధ్య ఉన్న అహంకారపు గోడ కూలాలని పిలుపు ఉంది. సంస్థ పేరులో మధ్యయుగపు తాపీపనివారి సంఘానికి ఉన్న జర్మన్ పేరు ప్రతిధ్వనిస్తుంది. ఆ కరపత్రంలోని ఆవేశంలో చాలాభాగం, అంతకు కొన్ని నెలల ముందు బ్రూనో టౌట్ వెలువరించిన వాస్తుకళా కార్యక్రమానికి రుణపడినది. ప్రణాళికే ఉద్యమమైతే, బౌహౌస్ లక్షణాలుగా మనం రాయవలసింది మధ్యయుగ పునరుద్ధరణ, చేతిపని, ఆధ్యాత్మిక సమష్టి అని. రాస్తున్నది సరిగ్గా తలకిందులు.

(1919 అనగానే రాజమండ్రిలో అదే ఏడాది వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడిన సంగతి, గిడుగు రామమూర్తి 'తెలుగు' పత్రిక ప్రారంభించిన సంగతి గుర్తుకు రాక మానవు. తేదీల ఈ సామ్యం సదస్సు ప్రారంభోపన్యాసానికి పనికివస్తుంది. వాదానికి పనికిరాదు. రెంటికీ సంబంధం ఉన్నదని నేను అనడం లేదు.)

పొరుగింటి సూత్రం

రూపం ప్రయోజనాన్ని అనుసరిస్తుందన్న సూత్రం బౌహౌస్‌ది కాదు. అది అమెరికా వాస్తుశిల్పి లూయీ సలివన్ 1896లో ఎత్తైన కార్యాలయ భవనాల గురించి రాసిన వ్యాసంలోనిది. బౌహౌస్ పుట్టడానికి ఇరవై మూడేళ్ల ముందుది. అన్న మనిషి అలంకార ద్వేషి కూడా కాడు. అదే 1896లో పూర్తయిన అతడి బఫలో భవనం నిలువెల్లా కాల్చిన మట్టిపలకల మీద దట్టమైన లతల పనితో నిండి ఉంటుంది. సూత్రం ఒకరిది, దాన్ని మోస్తున్న సంస్థ వేరొకటి, దానినుంచి లాగిన 'అలంకార నిరాకరణ' ఆ ఇద్దరిలో మొదటివాడికి పట్టనిది.

ఇంతవరకు ఇది ప్రపంచమంతటా జరిగే పొరపాటు. మన దగ్గర దీనికి ఇంకొక మెలిక పడింది. ప్రయోజనం అన్న చోట వస్తువు అన్న మాట వచ్చి చేరింది. వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుందన్నది మన అభ్యుదయ విమర్శలో చిరకాలంగా ఉన్న ప్రతిపాదన. దాని బలాబలాలు వేరే చర్చ. ఆ ప్రతిపాదన మూలాలు హెగెల్‌లో, మార్క్సీయ సౌందర్యశాస్త్రంలో ఉన్నాయి. బౌహౌస్ దానికి దన్ను కాదు, కాజాలదు. వస్తువు అంటే సాహిత్య విమర్శలో ఇతివృత్తం, కావ్యం దేన్ని గురించి చెబుతున్నదో అది. లోకవ్యవహారంలో వస్తువు అంటే కుర్చీ, కూజా, దీపం. కుర్చీకి రూపం ఉంది, ప్రయోజనం ఉంది, ధర ఉంది; ఇతివృత్తం లేదు. ఒకే మాటకు ఉన్న రెండు అర్థాల మధ్య జారి, బౌహౌస్ వస్తువులను చూపించి కవితా వస్తువు గురించి తీర్మానాలు చేయడం శ్లేష అవుతుంది గాని తర్కం కాదు.

పోనీ, ప్రయోజనం అనే అర్థంలోనైనా ఆ సూత్రం బౌహౌస్‌లో ఆచరణలో ఉన్నదా? మరియానె బ్రాంట్ 1924లో చేసిన చిన్న టీపాత్రను తీసుకుందాం. అర్ధగోళాకారపు పాత్ర, వృత్తాకారపు మూత, శిలువలా అడ్డంగా కలిసిన రెండు లోహపు పట్టీల ఆధారం. ఈ రూపాలు టీ కాచే అవసరంలోంచి ఊరినవి కావు. గోళం, ఘనం, శంకువు అనే మూలాకృతుల మీద ఆ పాఠశాలకు ఉన్న మమకారంలోంచి వచ్చినవి. 1923లో వసిలీ కాండిన్‌స్కీ విద్యార్థులకూ సహచరులకూ ఒక ప్రశ్నపత్రం పంచిపెట్టాడు. త్రికోణం, చతురస్రం, వృత్తం – వీటిని పసుపు, ఎరుపు, నీలం రంగులతో జతపరచమన్నాడు. ఏ ఆకారానికి ఏ రంగు స్వభావసిద్ధమో తేలిపోతుందని ఆయన విశ్వాసం. ప్రయోజనవాదులు అడిగే ప్రశ్న ఇదేనా?

యోసెఫ్ ఆల్బర్స్ తరగతి ఇంకా తెలివిడి కలిగిస్తుంది. వార్తాపత్రికల కట్ట తెచ్చి విద్యార్థులకు తలా కొంత పంచి, వృథా లేకుండా ఏదైనా చేయమని, తాను మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయేవాడు. తిరిగి వచ్చేసరికి బల్లల మీద పడవలూ కోటలూ విమానాలూ. ఇవి రాతితోనో లోహంతోనో చేసినా ఇలాగే ఉంటాయి కదా అని పక్కన పెట్టి, కాగితాన్ని నిలువుగా మడిచి నిలబెట్టిన ఒక మామూలు మడతను చూపించేవాడు. మెత్తగా పడి ఉండే కాగితం ఆ మడతతో నిలుచున్నది; రెండు వైపులా కనిపిస్తున్నది. కాగితానికి తప్ప వేరొకదానికి సాధ్యం కాని రూపం అది. ఇక్కడ రూపాన్ని నిర్ణయించినది ఇతివృత్తం కాదు, ప్రయోజనం కూడా కాదు. చేతికి అందిన ముడిపదార్థం ఎంత మేరకు లొంగుతుంది, ఎక్కడ ఎదురుతిరుగుతుంది అన్న ఎరుక. మన పరిభాషలో దీనికి దగ్గరి మాట ఉంటే అది శిల్పం. ఒకప్పుడు సకల చేతిపనులకూ చెల్లిన మాట. కథాశిల్పం, నవలాశిల్పం అని మనం వాడే శిల్పంలోంచి చెయ్యీ పోయింది, పదార్థమూ పోయింది. కథనరీతుల పట్టిక మిగిలింది. బౌహౌస్‌ను నిజంగా చదివితే మన పరిభాషలో ప్రశ్నకు గురికావలసిన మాట ఇది. వస్తురూప వివాదానికి దాన్ని ఈడ్చుకువచ్చి ఆ అవకాశాన్ని పోగొట్టుకున్నాం.

లక్షణాలకు లొంగని పద్నాలుగేళ్లు

బౌహౌస్ 1919 నుంచి 1933 వరకు పద్నాలుగేళ్లు నడిచింది. మూడు ఊళ్లు మారింది, ముగ్గురు సంచాలకులను చూసింది. ఈ కాలమంతటికీ చెల్లే లక్షణం ఒక్కటి చూపమంటే కష్టం. 1920–21లో గ్రోపియస్, అడోల్ఫ్ మాయర్ బెర్లిన్‌లో జొమర్‌ఫెల్ట్ అనే కలప వ్యాపారికి ఇల్లు కట్టారు. విప్పేసిన నౌక నుంచి వచ్చిన టేకు దుంగల ఇల్లు. లోపల దూలాలకూ మెట్లకూ చెక్కడపు పని, రంగుటద్దాల కిటికీ. పాఠశాల కార్యశాలలన్నీ కలిసి చేసిన తొలి పెద్ద పని అది. మన లక్షణాల జాబితా చేతబట్టుకుని ఆ ఇంటి ముందు నిలుచుంటే అది బౌహౌస్ కాదని తేల్చవలసివస్తుంది. 1921లో మార్సెల్ బ్రాయర్ కొయ్యతోనూ గుంటా ష్టోల్ట్‌సల్ రంగుల నేతతోనూ కలిసి చేసిన సింహాసనం వంటి కుర్చీ గతీ అంతే. ఆ బ్రాయరే నాలుగైదేళ్ల తర్వాత సైకిల్ హ్యాండిల్‌ను చూసి ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీ చేశాడు. జాబితాలో చోటు దొరికింది ఆ రెండో కుర్చీకే.

తొలి ఏళ్లలో పాఠశాలకు ప్రాణం యొహానెస్ ఇట్టెన్. అతడు బడిపంతులుగా శిక్షణ పొందినవాడు. ఫ్రోబెల్ శిశువిద్యా పద్ధతి ఎరిగినవాడు. ఆ ఫ్రోబెల్ తన మొదటి శిశుపాఠశాలను పెట్టినదీ వైమార్ ఉన్న థురింగియా ప్రాంతంలోనే. ఇట్టెన్ తరగతి శ్వాస కసరత్తులతో మొదలయ్యేది. మజ్దజ్నాన్ అనే మతసాధనలో ఉండి, భోజనశాలను శాకాహారంలోకి మార్చినవాడు. 1923లో అతడు వెళ్లిపోయి, హంగరీ నుంచి వచ్చిన లాస్లో మొహొయ్‌నాజ్ ఆ పాఠ్యక్రమం చేపట్టాకే, ఆ ఏటి ప్రదర్శనలో కళ, సాంకేతికతల ఐక్యత అనే నినాదం ముందుకు వచ్చింది. వైమార్ వచ్చి పోటీగా పాఠాలు చెప్పిన డచ్చి కళాకారుడు తేఓ వాన్ డూస్‌బుర్గ్ ఒత్తిడి ఉంది, ద్రవ్యోల్బణం ఉంది. అదే ఏడాది విద్యార్థి హెర్బర్ట్ బాయర్ థురింగియా బ్యాంకుకు లక్షల మార్కుల నోట్లు గీసి ఇచ్చాడంటే కాలం ఎలాంటిదో తెలుస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే పాఠశాల తన అక్కరను నిరూపించుకోవలసిన స్థితి. యంత్రానుకూలత సిద్ధాంతంగా పుట్టిన దానికంటే గడ్డుకాలపు నిర్ణయంగా పుట్టినది ఎక్కువ.

యంత్రానుకూలత అన్నది కూడా ఎంతవరకు నిజం? 1924 నాటి వాగెన్‌ఫెల్ట్ మేజాదీపం నేటికీ బౌహౌస్ గుర్తుగా అమ్ముడుపోతోంది. గాజు కాడ, గాజు గోళార్ధం. యంత్రం పోతపోసినట్టు ఉంటుంది. తయారైనది చేతితో. లైప్‌జిగ్ సంతలో వర్తకులు వాటిని చూసి నవ్వారని వాగెన్‌ఫెల్టే తర్వాత చెప్పుకున్నాడు. చూడడానికి చవక యంత్రసరుకు, కొనడానికి ఖరీదైన చేతిపని! యంత్రం పోలిక రూపంలో చేరింది. యంత్రం మాత్రం కార్యశాలలో చేరలేదు. నిర్మాణ గృహమని పేరు పెట్టుకున్న ఆ సంస్థలో 1927 దాకా వాస్తుశాఖే లేదన్న విడ్డూరాన్ని కూడా ఇక్కడే చేర్చుకోవాలి.

జాబితాలు దాచిపెట్టే సంగతి మరొకటి ఉంది. నాకు అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. కళాకారుడికీ వృత్తికారుడికీ మధ్య గోడ కూల్చాలన్న ప్రణాళికతో మొదలైన పాఠశాలలో ప్రతి కార్యశాలకూ ఇద్దరు గురువులు ఉండేవారు. ఒకరు రూపగురువు, చిత్రకారుడు. రెండోవారు పనిగురువు, మగ్గమో కొలిమో తెలిసినవాడు. గురుమండలి తీర్మానాల్లో ఓటు రూపగురువుకు ఉంది, పనిగురువుకు లేదు. గోడ తలుపు మార్చుకుని అక్కడే నిలిచింది. స్త్రీల విషయంలోనూ ఇదే జరిగింది. 1919 తొలి విడతలో 84 మంది స్త్రీలు, 79 మంది పురుషులు చేరారు. ఆడ, మగ భేదం లేదని సంచాలకుడు సభలో ప్రకటించాడు. మరుసటి ఏడాదికే స్త్రీల సంఖ్యకు హద్దు పెట్టాలని మండలిలో పావులు కదిపాడు. చేరినవారిలో అత్యధికులను మగ్గాల వైపు పంపారు. ఇష్టపడి వెళ్లినవారు కొందరే. ఆ మగ్గాలే తర్వాత పాఠశాలకు డబ్బు తెచ్చిపెట్టిన కార్యశాలల్లో ముందు నిలిచాయి. ష్టోల్ట్‌సల్ 1927లో నేత కార్యశాలకు అధిపతి అయింది. మగవారి గడ్డ అనుకున్న లోహ కార్యశాలలో నిలదొక్కుకున్న బ్రాంట్ మరుసటి ఏడాది దానికి తాత్కాలిక అధిపతి అయింది. ప్రవర్తకుడు అనే గదిలో ఏకవచనం, పుంలింగం తప్ప మరొకటి పట్టదు కాబట్టి వీరి పేర్లు మన పేరాలో లేవు.

1938, న్యూయార్క్

మనం రాసే పేరా ఎక్కడ తయారైంది? వైమార్‌లో కాదు, పాఠశాల 1925లో తరలివెళ్లిన డెస్సౌలోనూ కాదు. అది 1938లో న్యూయార్క్‌లో తయారైంది. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి ఆధునిక కళా ప్రదర్శనశాలలో బౌహౌస్ ప్రదర్శన ఒకటి జరిగింది. ప్రదర్శననూ దానితోపాటు వచ్చిన గ్రంథాన్నీ కూర్చినవారు హెర్బర్ట్ బాయర్, గ్రోపియస్, ఈజె గ్రోపియస్. శీర్షికలోనే కాలపరిధి ఉంది: 1919–1928. అంటే గ్రోపియస్ సంచాలకుడిగా ఉన్నంత కాలం. తర్వాతి అయిదేళ్లు లేవు.

తీసేసిన ఆ అయిదేళ్లలో ఏముంది? 1928 నుంచి 1930 వరకు హానెస్ మాయర్ ఉన్నాడు. విలాసాల అవసరం పక్కన పెట్టి ప్రజల అవసరం చూడాలన్నది అతడి నినాదం. డెస్సౌలో కార్మికులకు చవక అద్దె ఇళ్లు, బెర్నౌలో కార్మిక సంఘాల పాఠశాల అతడి కాలంలోనే వచ్చాయి. కుర్చీలూ దీపాలూ సాధించలేని అమ్మకాన్ని సాధించిన బౌహౌస్ గోడకాగితాలు 1929లో అతడి హయాంలోనే బజారుకెక్కాయి. వాటి నమూనాలు విద్యార్థుల పోటీ నుంచి ఎంపికైనవి. సామాన్యుడి ఇంటికి నిజంగా చేరిన బౌహౌస్ వస్తువు ఏదంటే, ఏ కళాగ్రంథపు ముఖచిత్రానికీ ఎక్కని ఈ గోడకాగితమే. మాయర్ వామపక్షీయుడు. 1930లో నగరపాలకులు అతడిని తొలగించారు; అతడు సోవియట్ దేశానికి వెళ్లాడు. 1938 అమెరికాలో కొత్త జీవితం మొదలుపెట్టిన గ్రోపియస్‌కు ఆ పేరు ఎంత ఇబ్బందికరమో ఊహించవచ్చు. ఇబ్బందిని అర్థం చేసుకోగలను. దాన్ని చరిత్రగా స్వీకరించలేను. వైమార్, డెస్సౌ భవనాలు 1996లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. మాయర్ పేరిట ఉన్న బెర్నౌ పాఠశాలా డెస్సౌ అద్దె ఇళ్లూ అందులో చేరడానికి 2017 వరకు ఆగవలసివచ్చింది.

ఆ కత్తిరింపు ఇంకొక అపోహను కూడా స్థిరపరచింది. బౌహౌస్ శైలికీ స్వేచ్ఛకూ అవినాభావ సంబంధం ఉన్నదని, నాజీలు దాన్ని అణచడమే ఇందుకు రుజువని. అణచివేత నిజం. థురింగియాలో 1924 ఎన్నికల తర్వాత సొమ్ము తెగ్గోసి వైమార్ నుంచి వెళ్లగొట్టారు. 1932లో డెస్సౌ నగరసభలో నాజీలు మూయించారు. మీస్ వాన్ డెర్ రోహె బెర్లిన్‌లోని ఒక పాత కర్మాగారంలో నడిపిన చివరి పాఠశాల మీద 1933 ఏప్రిల్‌లో పోలీసులు దాడి చేశారు. జులైలో గురువులే రద్దుకు తీర్మానించుకున్నారు. నేత కార్యశాలలో చదివిన ఓటీ బెర్గర్, ఇట్టెన్ శిష్యురాలు ఫ్రీడ్‌ల్ డిక్కర్ ఔష్విట్జ్‌లో హతులయ్యారు. అదే పాఠశాలలో చదివిన ఫ్రిట్జ్ ఎర్ట్ల్ అదే ఔష్విట్జ్ నిర్మాణ కార్యాలయంలో ఎస్.ఎస్. వాస్తుశిల్పిగా పనిచేశాడు. మరొక విద్యార్థి ఫ్రాంట్స్ ఏర్లిఖ్ కమ్యూనిస్టు, బూఖెన్‌వాల్డ్‌లో ఖైదీ. శిబిరం ఇనుపద్వారం మీది అక్షరాలను అతడి చేతే గీయించారు. అతడు వాటిని బౌహౌస్ అక్షరరీతిలో గీశాడు, కాపలావారు పోల్చుకోలేదు. ఆ అక్షరాలు లోపలి ఖైదీలకు చదువుకునేందుకు వీలుగా లోపలి వైపు తిరిగి ఉంటాయి. సాదా రేఖలో విముక్తి దానంతటదే ఉంటుందనేవారు ఈ నలుగురి పేర్లనూ ఒక వాక్యంలో ఇమిడ్చి చూపాలి.

ప్రభావం ఏ దారిన నడిచింది

చివరి గది ప్రభావం. ప్రభావం ప్రసరించింది అని రాస్తాం, సుగంధం ప్రసరించినట్టు. అది మనుషులతో, ప్రవాసంతో, ఉద్యోగాలతో నడిచింది. ఆల్బర్స్ 1933లో నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలకు, గ్రోపియస్ 1937లో హార్వర్డ్‌కు, అదే ఏడాది మొహొయ్‌నాజ్ షికాగోకు, మరుసటి ఏడాది మీస్ అదే నగరానికి చేరారు. వెంట తీసుకువెళ్లినది శైలి అయితే నాలుగు చోట్లా ఒకే రకం పని కనిపించాలి. కనిపించేది వేరు. ఉమ్మడిగా కనిపించేది తరగతి గది. ముందు పదార్థంతో కుస్తీ, తర్వాతే నిపుణత. 1953లో జర్మనీలోని ఉల్మ్‌లో మొదలైన రూపకల్పన విద్యాలయానికి తొలి అధిపతి మాక్స్ బిల్ బౌహౌస్ విద్యార్థి. ఆ విద్యాలయం కూడా గురువులు తమలో తాము తగువులాడుకుని, సొమ్ము ఆగిపోయి 1968లో మూతపడింది. వారసత్వం అంటే అంతే కాబోలు.

భారతదేశానికి బౌహౌస్ రెండు దారుల్లో వచ్చింది. మొదటిది 1922 డిసెంబరు నాటి కలకత్తా ప్రదర్శన. శాంతినికేతన్‌లో బోధిస్తున్న స్టెల్లా క్రామ్రిష్ చొరవతో, క్లే, కాండిన్‌స్కీ, ఫైనింగర్, ఇట్టెన్‌ల చిత్రాలు ప్రాచ్య కళా సంఘం ప్రదర్శనలో అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ టాగోర్ల చిత్రాలతోపాటు గోడలకెక్కాయి. వచ్చినవి నీటిరంగుల బొమ్మలు, రేఖాచిత్రాలు, ముద్రలు. ఉక్కుకుర్చీ ఇంకా పుట్టనే లేదు. మన పేరాలోని లక్షణాల్లో ఒక్కటీ ఆనాటి కలకత్తా ప్రేక్షకుడి కంట పడి ఉండదు. అయినా అతడు చూసినది బౌహౌస్‌నే. రెండో దారి స్వాతంత్ర్యానంతరం, ఉల్మ్ మీదుగా. చార్ల్స్, రే ఈమ్స్‌లు 1958లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెంబును గురించి, తరతరాల చేతులు దాన్ని దిద్దిన తీరు గురించి విస్తారంగా రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడింది. ఉల్మ్‌లో చదివిన సుధాకర్ నాడ్‌కర్ణి బొంబాయి ఐ.ఐ.టి.లో 1969లో రూపకల్పన కేంద్రాన్ని నిలబెట్టాడు. వైమార్‌లో ఇట్టెన్ మొదలుపెట్టిన ప్రవేశ పాఠ్యక్రమపు వంశం ఈ సంస్థల తొలి ఏటి పాఠ్యక్రమంలో కొనసాగింది. 2015 నుంచి జాతీయ రూపకల్పన సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. అది తొలి రోజుల్లో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే నడిచింది. ఆ ప్రాంగణంలో తెలుగు బోధించేవారూ ఉన్నారు.

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని ఎదుర్కోవాలి. లక్షణాలు చెప్పకుండా ఉద్యమాన్ని గుర్తించడం ఎలా? విద్యార్థికి ఏదో ఒక పట్టు ఇవ్వాలి కదా? పెద్దల ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను; పరీక్షాపత్రాలు దిద్దినవారికి దాని బరువు తెలుసు. నా సమాధానం ఒక్కటే. పట్టు ఇవ్వడానికి లక్షణాల బదులు తగవులను ఇవ్వవచ్చు. ముతేజియుస్‌తో వాన్ డ వెల్డ, ఇట్టెన్‌తో గ్రోపియస్, రూపగురువుతో పనిగురువు, మగ్గానికి పంపిన స్త్రీలతో మండలి, మాయర్‌తో 1938 నాటి గ్రంథం. ఈ అయిదు తగవులు తెలిసిన విద్యార్థి బౌహౌస్ వస్తువును చూసి అది ఏ ఏటిదో, ఎవరి పక్షానిదో ఊహించగలడు. అయిదు లక్షణాలు వల్లించిన విద్యార్థి జొమర్‌ఫెల్ట్ ఇంటిని పోల్చుకోలేడు. దిగంబర కవుల మూడు సంపుటాలకూ ఇదే వర్తిస్తుందని నా అనుమానం. 1965, 1966, 1968 సంపుటాల మధ్య మారినదేమిటో వదిలి మూడింటికీ కలిపి ఒకే లక్షణాల పట్టిక కట్టే అలవాటు అక్కడా ఉంది. అది వేరే వ్యాసానికి తగిన పని.

మరొక చిన్న మాట, అక్షరాల గురించి. బాయర్ 1925లో జర్మన్ లిపి నుంచి పెద్ద అక్షరాలను తొలగించి, చిన్న అక్షరాలతోనే ఒక వర్ణమాల ప్రతిపాదించాడు. ఒక ధ్వనికి రెండు గుర్తులు దేనికని ప్రశ్న. నామవాచకాలన్నిటికీ పెద్ద అక్షరం పెట్టే జర్మన్‌లో అది రాజకీయ దుమారమే లేపింది. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు కనుక మన లిపి సహజంగానే బౌహౌస్ ఆదర్శానికి చేరిందని ఒక సభలో విని చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. వత్తులతో పంక్తుల మధ్య ఎడం పెరిగే మన లిపికి ఎదురైన చిక్కులు వేరు. వాటితో కుస్తీపట్టిన అచ్చుపనివారిని, అక్షరాలు పోతపోసినవారిని సాహిత్య చరిత్రలో పనిగురువుల స్థానంలోనే ఉంచాం, ఓటు లేకుండా. బాపు చేతిరాతను గుర్తుపట్టని తెలుగు పాఠకుడు అరుదు. ఆ రాతను రూపం అనే శీర్షిక కింద చర్చించిన అధ్యాయం మన ఆధునిక సాహిత్య చరిత్రల్లో నా కంటపడలేదు.

నా సిద్ధాంతగ్రంథం మొదటి అధ్యాయంలో బౌహౌస్ పేరాను కొట్టివేశాను. రూపాన్ని చర్చించే మూడో అధ్యాయంలో ఇప్పుడు దాని బదులు ఆల్బర్స్ బల్ల మీది కాగితపు మడత ఉంది, గురుమండలిలో ఓటు లేని పనిగురువు ఉన్నాడు. అలవాటైన చోట బౌహౌస్ ఎందుకు లేదని పర్యవేక్షకులు అడిగారు. ఈ వ్యాసం వారికి నేను ఇచ్చిన జవాబుకు విస్తృత రూపం.